మూలం తప్పితే

తాను కంటితో చూడని పిల్ల, నాడి పట్టి ఎరగని పిల్ల, పేరైనా వినని పిల్ల తన మాటవల్లనే చనిపోయిందని డాక్టర్ పరాంకుశం వకుళాదేవికి తెలిసినది ఒక గురువారం మధ్యాహ్నం. ఆ కబురు మాత్రం ఉదయం ఆమె తిరువారాధన ముగించి తీర్థం పుచ్చుకుంటున్న వేళకే వచ్చింది.

కంపౌండరు మస్తాన్ పలకవంటి యంత్రాన్ని తెచ్చి అరుగుమీద పెట్టాడు. "ఏందో వైద్య మండలి కాడ్నించి వచ్చుండాదమ్మా. సదివినట్టు మీ ఏలిముద్ర కావాలంట. ఎయ్యకపోతే ఎర్రగా మిణుకుమంటానే ఉంటది, దిక్కుమాలింది."

"మిణుకుమననీ. ముందు వరసలో ఎవరున్నారు?"

"అంకాలమ్మ. మోకాళ్ళు. ఆమె ఎనకాల ఇంకో పదిమంది. అందరియ్యీ మోకాళ్ళే. మన ఊళ్ళో మనుషులకంటే మోకాళ్ళే ఎక్కువ గదమ్మా!"

వెలిగొండపాలెం మెట్టనేల. అక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు అధికం. నలభై ఒక్క సంవత్సరాలుగా వకుళాదేవి ఆ ఊరికి సాధారణ వైద్యురాలు; జలుబుకూ ఆమే, కాన్పుకూ ఆమే, తేలుకాటుకూ ఆమే. కాళ్ళనొప్పులని ఏ పిల్లవాణ్ణి తీసుకువచ్చినా ఆమె చూపు కాళ్ళమీదికి కాక ముందుగా పళ్ళమీదికి పోయేది. పళ్ళమీద గోధుమరంగు చారలుంటే జబ్బు సగం తెలిసినట్టే. "నీళ్ళు మార్చు తల్లీ, కాళ్ళు వాటంతట అవే మాట వింటాయి" అనేది. ఆ మాట ఆ చుట్టుపక్కల సామెతగా స్థిరపడిపోయింది.

రోగులందరూ వెళ్ళాక ఆమె పలక తీసి చదివింది. పాంగి మంజుల, తొమ్మిదేళ్ళు, గుమ్మలపాడు, ఉత్తరాన మన్యం. కాళ్ళూ చేతులూ విపరీతంగా నొప్పులని, ఒళ్ళు వెచ్చగా ఉన్నదని తల్లి తీసుకువచ్చింది. డాక్టరు పళ్ళు చూశాడు. నీటి దోషమని నిర్ణయించాడు. కాల్షియం బిళ్ళలిచ్చి పంపాడు. మూడవనాడు పిల్ల మరణించింది. చనిపోయాక చేసిన రక్తపరీక్షలో తేలినది కొడవలి కణాల జబ్బు. ఎర్రకణాలు కొడవళ్ళలా వంగి రక్తనాళాలలో చిక్కుకుపోయే వంశవ్యాధి. మన్యంలో ప్రతి వైద్యుడూ ముందుగా అనుమానించవలసిన వ్యాధి.

అడుగున, డాక్టరు తల్లితో అన్న మాటను యంత్రం యథాతథంగా నమోదు చేసి ఉంచింది: "నీళ్ళు మార్చు తల్లీ, కాళ్ళు వాటంతట అవే మాట వింటాయి."

వకుళాదేవి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. ఆ మాట అన్న డాక్టరు పేరు సింహాద్రి లోకనాథ్. వయస్సు ఇరవై ఆరు. అతడు వెలిగొండపాలెం ముఖం ఎన్నడూ చూడలేదు.

* * *

మూడేళ్ళ వెనుకటి సంగతి. రాష్ట్రంలో పన్నెండు వందల పైచిలుకు మండలాల్లో సాధారణ వైద్యుడు లేడు. వైద్యవిద్య ముగిసిన పిదప మూడేళ్ళపాటు ఒక పెద్ద డాక్టరు పక్కన కూర్చుని రోగులను చూస్తేనే సాధారణ వైద్యుడనిపించుకోవాలన్నది పాత నియమం. ఆ లెక్కన మండలాలన్నీ నిండడానికి ముప్ఫై ఏళ్ళు పడుతుందని వైద్య ప్రణాళికా మండలి తేల్చింది. ముప్ఫై ఏళ్ళు ఆగే ఓపిక ఎవరికుంది? అప్పుడే ఆవాహన యంత్రం వచ్చింది.

ఒక మనిషి మెదడులో పండిన అనుభవాన్ని జాడతీసి మరొక మెదడులో నాటే యంత్రమది. వకుళాదేవి పదకొండు రోజులు వెండితీగల టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఉజ్జ్వల అనే ఇంజనీరు పిల్ల పాత కేసుకాగితాలు ఒక్కొక్కటే చదివేది. "పందొమ్మిదేళ్ళ అమ్మాయి, తలనొప్పి." ఆ క్షణంలో వకుళాదేవికి ఏ వాసన గుర్తుకు వచ్చిందో, ఏ అనుమానం మెదిలిందో, చేయి ఎటు కదలబోయిందో యంత్రం పట్టుకునేది.

"దీనికి ఆవాహనమని పేరెవరు పెట్టారమ్మా?" అని ఆమె అడిగింది.

"డైరెక్టరుగారేనండి. బాగుంది కదండీ?"

"బాగానే ఉంది. ఆవాహన చేసినవాళ్ళు ఉద్వాసన కూడా చెప్పాలి. అది నేర్చుకున్నారా?"

ఉజ్జ్వల నవ్వింది. "ఉద్వాసన ఇంకా పరిశోధనలో ఉందండి."

వకుళాదేవి కూడా నవ్వింది. అడిగినవాడికి విద్య దాచినవాడు వచ్చే జన్మలో మూగవాడై పుడతాడని ఆమె తండ్రి చెప్పేవాడు. తాటాకు ప్రతులు పరిష్కరించి పొట్టపోసుకున్న పండితుడాయన. ఆ మాట నమ్మే ఆమె కుర్చీలో కూర్చుంది. పదకొండు రోజుల్లో నలభై ఏళ్ళు తీశారు. పదకొండు రోజుల్లో దాన్ని పన్నెండు వందల ఆరుగురు కుర్రడాక్టర్లలో నాటారు. పరీక్ష పెడితే అందరికీ నూటికి తొంభై ఎనిమిదే. ఆమెకూ తొంభై ఎనిమిదే. మండలి మిఠాయిలు పంచింది.

పద్యాలు కంఠస్థం చేసినవాళ్ళందరూ కవులు కారని ఆనాడే తనకు తోచకపోవడం ఆమెకిప్పుడు సిగ్గనిపించింది. వినడం ఒకటి, విన్నదాన్ని మనసులో తిరగవేసుకోవడం వేరొకటి, అది నరనరానా ఇంకేదాకా దానితో కాపురం చేయడం ఇంకొకటి. ఈ మూడు మెట్లూ ఎక్కక జ్ఞానం రాదని శాస్త్రం చెబుతున్నది. యంత్రం మూడో మెట్టు ఊడబెరికి తెచ్చి మొదటి మెట్టు దగ్గర నిలబడిన పిల్లల కాళ్ళకింద పెట్టింది.

ఆమె వేలిముద్ర వేయలేదు. "నేను మన్యానికి వెళుతున్నాను, మస్తాన్. నాలుగు రోజులు."

"సుస్తీ ఎవరికమ్మా?"

"సుస్తీ అయిపోయింది. పదోనాటికి అందుకోవాలి."

మస్తాన్ ఆమె సంచి సర్దడానికి లేచాడు. అమ్మగారి చేతుల్లో ఎవరు పోయినా పదోనాడు ఆ ఇంటికి వెళ్ళి నేలమీద కూర్చుని, "నాకు చెప్పకుండా మిగిలిపోయిన మాట ఏదైనా ఉందా?" అని అడిగి రావడం అతడు ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు. కొన్ని ఇళ్ళలో తిట్టేవారు. ఒక ఇంట్లో పేడనీళ్ళు చల్లారు. ఆమె వెళ్ళడం మానలేదు. ఆ ఇళ్ళలో నేర్చినది కళాశాలలో నేర్చినదానికన్నా ఎక్కువ.

* * *

ఆమె వస్తున్నట్టు కబురందుకుని గుమ్మలపాడు ఆరోగ్యకేంద్రం వాకిట్లో లోకనాథ్ ఎదురుచూస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, గడ్డం పెరిగింది. ఆమెను చూడగానే దగ్గరివారిని పలకరించినట్టు నోరు జారాడు.

"అంకాలమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?"

వకుళాదేవి నిలబడిపోయింది. మరుక్షణమే అతడు తల దించుకున్నాడు. "క్షమించండి అమ్మగారూ. ఆవిడెవరో నాకు తెలీదు. కానీ ఆవిడ మెట్లెక్కే చప్పుడు తెలుసు."

"నీకు తెలిసినవి ఇంకా ఏమున్నాయి నాయనా?"

"అన్నీ తెలుసండీ. అదే కదా వచ్చిన చిక్కు. పిల్ల పళ్ళు చూశాను. చారలున్నాయి. ఇంక ఆలోచించాలని కూడా తోచలేదు. నలభై ఏళ్ళుగా చూస్తున్న జబ్బులా అనిపించింది. నాకు ఇరవై ఆరేళ్ళేనన్న సంగతే గుర్తు రాలేదు. పిల్లని పంపేశాక హాయిగా భోంచేశానండీ. కొంచెమైనా భయం వెయ్యలేదు. అది తల్చుకుంటే ఇప్పుడు భయంగా ఉంది."

"కాలేజీలో ఈ జబ్బు గురించి చెప్పలేదూ?"

"చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. కానీ మీ నమ్మకం ముందు నా చదువు నోరెత్తలేదండీ."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

ఇల్లు కొండవాలున ఉంది. తల్లి సన్యాసమ్మ చాప వేయబోతే వకుళాదేవి వద్దని నేలమీదే కూర్చుంది. లోకనాథ్ గడప బయటనే ఆగిపోయాడు.

"నేను డాక్టరునమ్మా. ఈ అబ్బాయికి ఈ విద్య నా దగ్గర్నుంచే వచ్చింది. తప్పు నాది. నువ్వు చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఏదైనా ఉంటే చెప్పు."

సన్యాసమ్మ గోడకేసి చూస్తూ అంది: "నానేటి సెప్పనేదమ్మా. సెప్పనిత్తే కదా? నోరు తెరవకముందే ఆయనకి తెలిసిపోనాది."

"తెరిచి ఉంటే ఏం చెప్పేదానివి?"

"ఆలన్న గురించి, నా పెద్దోడి గురించి సెబుదును. నాలుగేళ్ళ కిందట ఆడూ ఇలగే పోనాడు. సలిగాలి తగిల్తే సాలు, ఒళ్ళంతా కర్రలెట్టి ఇరగ్గొట్టినట్టు ఏడిసీవోడు. కళ్ళు పచ్చగా అయిపోయేవి. దీనికీ అలగే మొదలైంది. అందుకే పరుగెట్టుకొచ్చినాను."

"మరి పళ్ళ మీద ఆ చారలు?"

"ఏ చారలమ్మా? ఊటనీళ్ళు తాగినోళ్ళకి అందరికీ ఉంటాయి. ఆ రాయిలో ఇనుముందట. నాకూ ఉన్నాయి సూడు." పెదవి ఎత్తి చూపించింది. ఆ చారలు ఫ్లోరైడు చారలు కావు. పక్కన నిలబడి వేలితో తడిమితే తెలిసిపోయే తేడా. కాని తడిమే అవసరం కనబడేటంత అనుమానం లోకనాథ్ మనస్సులో ఎవరూ నాటలేదు.

"నా మాట ఇనుంటే బతుకునా అమ్మా?"

తల్లులు అడిగే ప్రశ్న అది. దానికి అబద్ధం చెప్పడం తేలిక. వకుళాదేవి నలభై ఏళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. "బతకడానికి అవకాశం ఉండేదమ్మా" అంది.

గడప బయట లోకనాథ్ వెక్కివెక్కి ఏడ్చాడు. సన్యాసమ్మ అతణ్ణి ఓదార్చలేదు, తిట్టనూలేదు.

* * *

రాజధానిలో వైద్య ప్రణాళికా మండలి భవనం ఏడో అంతస్తులో డైరెక్టరు అమరవాది జయంత్ ఆమెకు ఎదురు వచ్చి పాదాలకు నమస్కరించాడు. వినయానికి లోటు లేని మనిషి. గోడమీద రాష్ట్రపటం అంతా పచ్చచుక్కలతో మెరుస్తున్నది. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క డాక్టరు. ఒక్కొక్కటి ఒక్కొక్క వకుళాదేవి.

"చూడండి మేడమ్, ఖాళీ మండలం ఒక్కటి లేదు. ఇదంతా మీ చలవే."

"ఆ చుక్కలు ఆపండి" అంది ఆమె.

"ఆపడమంటే?"

"వాళ్ళు నా నేలలో నడవడం నేర్చుకుని మరో నేలమీద పరుగెత్తుతున్నారు. పిల్ల చచ్చిపోయింది. ఎందరు పోయారో మీకే తెలియాలి."

జయంత్ నొచ్చుకున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "ఒక్క ప్రాణమైనా ప్రాణమే మేడమ్. ఒప్పుకుంటాను. కానీ మా లెక్కలో తప్పులు నూటికి రెండే. డాక్టరే లేనప్పుడు ఎంతమంది పోయేవారో మీరే చెప్పండి. ఆ కొడవలి జబ్బుకు చిన్న అతుకు వేసేస్తాం. వారంలో అందరికీ అందుతుంది."

"రేపు పాముకాటుకు ఒక అతుకు, ఎల్లుండి చింతపిక్క మింగిన పిల్లవాడికి మరొకటి. వైద్యమంటే బొంత అనుకున్నారా మీరు?"

పక్కనే నిలబడిన ఉజ్జ్వల చేతిలోని కాగితాలు సర్దుకున్నది. మూడేళ్ళలో ఆ పిల్ల ముఖంలోని నవ్వు కాస్త తగ్గింది.

వకుళాదేవి ఆమెవైపు తిరిగింది. "అమ్మాయీ, ఒక్క సంగతి చెప్పు. ఆ కుర్రాడికి అంకాలమ్మ అడుగుల చప్పుడు తెలుసు. కానీ భయం తెలియదు. నాకు ప్రతి రోగి దగ్గరా భయమే. అది ఏమైంది? మీ యంత్రానికి దొరకలేదా?"

ఉజ్జ్వల డైరెక్టరువైపు చూసింది. జయంత్ భుజాలెగరేసి, "దాపరికమేముంది? చెప్పు" అన్నాడు.

"దొరికిందండీ" అని నెమ్మదిగా అన్నది ఉజ్జ్వల. "మీ చేతుల్లో పోయినవాళ్ళు మూడు వందల పన్నెండు మంది. ఒక్కొక్కరి ఇంటికీ మీరు వెళ్ళి కూర్చున్న రోజులు. అవి మీ ప్రతి నిర్ణయానికీ అల్లుకుని ఉన్నాయి. నాటి చూస్తే శిక్షణార్థులు రోగికి పదిహేను నిమిషాలు తీసుకున్నారు. తడబడ్డారు. ఒకరిద్దరు ఏడ్చారు. అందుకని..."

"అందుకని?"

"కోసేశామండీ. శోకభాగమని పేరు పెట్టి."

"మండలానికి ఒక్కడే డాక్టరు, రోజుకు నూట ఇరవై మంది రోగులు" అన్నాడు జయంత్. "పదిహేనేసి నిమిషాలు ఇస్తే ఎలా సాగుతుంది మేడమ్? మేము ఉంచినదంతా సరైన నిర్ణయాలే. తప్పుల్ని ఎవరైనా పాఠం చెబుతారా?"

డెబ్బై ఏళ్ళ వకుళాదేవి అతని బల్లమీదికి వంగింది. "నాయనా, ఆ మూడు వందల పన్నెండు మందే నాకు వైద్యం చెప్పిన గురువులు. బతికినవాళ్ళు నన్ను పొగిడి వెళ్ళారు. పోయినవాళ్ళు నా చెవి మెలిపెట్టి నేర్పారు. నా గురువుల్ని నరికి, నా దంభాన్ని పన్నెండు వందల పాళ్ళు చేసి పంచిపెట్టారు మీరు. పైగా పరీక్షలో తొంభై ఎనిమిది! ఆ ప్రశ్నలు ఎక్కడివి?"

"మీ కేసులేనండీ" అంది ఉజ్జ్వల.

"నా ప్రశ్నలకు నా జవాబులు. అద్దంలో ముఖం చూసుకుని అందంగా ఉన్నానని తనకు తానే కితాబిచ్చుకున్నట్టు!"

జయంత్ లేచి నిలబడ్డాడు. వినయం అలాగే ఉన్నది, స్వరం మాత్రం చల్లబడింది. "మీ ఆవేదన నమోదు చేసుకుంటాం. వచ్చే వారమే మీ వార్షిక సామర్థ్య పరీక్ష. మనసు దానిమీద పెట్టండి. మీరు ప్యాసవుతున్నంతకాలం ఆ పిల్లలకు ఢోకా లేదు."

మెట్లదగ్గర ఉజ్జ్వల పరుగున వచ్చి ఆమె చేతిసంచి అందుకుంది. "పద్నాలుగో నిబంధన చదివారా అండీ, మీరు సంతకం పెట్టిన కాగితంలో?" అని మరేమీ చెప్పకుండా సంచి తిరిగి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి చదివింది. మూలవైద్యుడు వార్షిక పరీక్షలో ఉత్తీర్ణుడు కానిచో అతని వైద్యాధికారం రద్దగును. ఆ మూలమునుండి ఏర్పడిన ప్రతులన్నియు శిక్షణార్థి స్థాయికి చేరును. పాత నియమము వర్తించును. తాటాకు ప్రతులు దిద్దే తండ్రి ఈ వాక్యం చూస్తే మెచ్చుకునేవాడు. మూలం తప్పితే ప్రతులు చెల్లవు.

"అంటే మీరు పరీచ్చ తప్పాలా?" అన్నాడు మస్తాన్.

"తప్పితే ఈ బోర్డు కూడా దించెయ్యాలి. అంకాలమ్మకు మాత్ర రాయడానికి కూడా నాకు హక్కుండదు."

"మరి మన మోకాళ్ళ సంగతేందమ్మా?"

ఆమె ఒప్పందం కాగితం మడిచింది. మస్తాన్ కళ్ళొత్తుకుంటూ వెళ్ళి వరసలో ఉన్నవాళ్ళను కసురుకున్నాడు.

ఆ వారమంతా ఆమెను పీడించినది బోర్డు పోతుందన్న బాధ మాత్రమే కాదు. తెలిసిన జవాబు తప్పుగా గుర్తించడం అసత్యం. డెబ్బై ఏళ్ళు పెరుమాళ్ళ ముందు దీపం పెట్టిన చేతితో అబద్ధం రాయడమా? రాయకపోతే పన్నెండు వందల చోట్ల తన దంభం తెల్లకోటు వేసుకుని తిరుగుతుందా? పరీక్షనాటి ఉదయం కూడా ఆమె స్వామిని ఈ ప్రశ్నే అడిగింది. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో ఊరుకున్నాడు.

* * *

పరీక్షగదిలో ఒక కుర్చీ, ఎదుట ఒక తెర. తెరమీద ఛాయారోగులు వస్తారు. మొత్తం నలభైమంది, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పక్కనున్న పట్టికలో జబ్బు పేరు తాకాలి. అద్దం వెనుక జయంత్, ఉజ్జ్వల, ఇద్దరు పరిశీలకులు.

మొదటి రోగి ఎనిమిదేళ్ళ పిల్లవాడు. మోకాళ్ళ నొప్పి. నవ్వితే పళ్ళమీద గోధుమ చారలు. వకుళాదేవి అతణ్ణి గుర్తుపట్టింది. అంకాలమ్మ పెద్దమనవడు, పదకొండేళ్ళ వెనుకటి ముఖం. గత సంవత్సరం ఈ రోగికి ఆమె నాలుగు క్షణాల్లో జవాబు తాకింది. ఇప్పుడూ వేలు ఆ గడివైపు తనంతట తానే లేచింది.

లేచి మధ్యలో ఆగింది.

"మీ ఊరేది బాబూ?" అని అడిగింది.

తెర క్షణకాలం నిశ్చలమైంది. "ఈ ప్రశ్నకు సమాధానం అందుబాటులో లేదు" అన్నదొక తీయని కంఠం.

"ఏ నీళ్ళు తాగుతావు?"

"ఈ ప్రశ్నకు సమాధానం అందుబాటులో లేదు."

"మీ అన్నకో అక్కకో ఇలా ఎప్పుడైనా వచ్చిందా? చలిగాలికి ఎక్కువవుతుందా? ఒకసారి దగ్గరికి రా, పన్ను తడిమి చూస్తాను."

పిల్లవాడు నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడామెకు వారంనుండి ముళ్ళలా గుచ్చుతున్న సందేహం ఒక్కసారిగా విడిపోయింది. అంకాలమ్మ మనవడి జబ్బు ఆమెకు తెలుసు. ఈ తెరమీది పిల్లవాడి జబ్బు తెలియదు. ఊరు లేనివాడు, తల్లి లేనివాడు, తాగేనీళ్ళు లేనివాడు. వీడు ఎవరి బిడ్డ? తెలియనిదాన్ని తెలుసునని గత సంవత్సరం గుర్తు పెట్టినదే అసలైన అసత్యం. ఈ రోజు ఆమె అబద్ధమాడనక్కరలేదు. నిజం చెప్పడమే చాలు.

పట్టికలో తొంభై జబ్బులున్నాయి. 'నాకు తెలియదు' అన్న గడి మాత్రం లేదు. వైద్యుడికి అన్నిటికన్నా ముందుగా రావలసిన ఆ ఒక్క మాటకు అంత పెద్ద మండలి కాస్తంత చోటైనా ఇవ్వలేదు! ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

రెండో రోగిని ఏం పని చేస్తావని అడిగింది. మూడో ఆమెను ఇంట్లో పొయ్యి ఏ రకమని అడిగింది. సమాధానం అందుబాటులో లేదు. పదిహేనో రోగి దగ్గర ఒక పరిశీలకుడు గోడకున్న మాటల గొట్టంలోంచి, "మేడమ్, ఆరోగ్యం బాగాలేదా? వాయిదా వేయమంటారా?" అన్నాడు.

"నా ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది నాయనా. మీ రోగులకే నోళ్ళు లేవు. తరువాతి వాణ్ణి పంపు."

రెండు గంటలు. నలభైమంది. ఒక్కొక్కరినీ నిజమైన మనిషిని అడిగినట్టే అడిగింది. పట్టికను ఒక్కసారీ తాకలేదు. చివర తెరమీద అంకె వెలిగింది: సున్న.

తలుపు తీసుకుని జయంత్ దూసుకువచ్చాడు. ఈసారి నమస్కారం లేదు.

"మీరేం చేశారో తెలుసా? ఆ గోడమీద పటం చూడండి, వెళ్ళి చూడండి! ఒక్క చుక్క పచ్చగా లేదు. రేపు పొద్దున పన్నెండు వందల మండలాల్లో జనం వచ్చి వరసల్లో నిలబడతారు. ఎవరు చూస్తారు వాళ్ళని? ఆ పాపం ఎవరి నెత్తిన?"

"నా నెత్తినే" అంది వకుళాదేవి. "ముందే వేసుకున్నాను. పాతనియమం ప్రకారం వాళ్ళంతా శిక్షణార్థులు. పక్కన పెద్ద డాక్టరు కూర్చుంటే రోగుల్ని చూడవచ్చు."

"ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ పన్నెండు వందల మంది పెద్ద డాక్టర్లని? చెట్లకు కాస్తారా?"

"మీ లెక్కలో రిటైరైన సాధారణ వైద్యులు ఎందరు?"

జయంత్ తడుముకున్నాడు. వెనుకనుండి ఉజ్జ్వల అంది: "లెక్కలోకి తీసుకోలేదండీ. వేగం తక్కువని సున్న కింద వేశాం. రిజిస్టరులో మాత్రం రెండువేల పైన ఉన్నారు."

"అందరూ ముసలివాళ్ళు!" అన్నాడు జయంత్. "మొదట ఇరవైమంది వస్తారేమో. మిగతా చోట్ల? ఈ నెలలో పోయేవాళ్ళ మాట ఏమిటి?"

ఆ ప్రశ్నలో న్యాయముంది. ఆమె దాన్ని తోసిపుచ్చలేదు. "పోతారు" అంది. "వాళ్ళ ఇళ్ళకు నేను వెళతాను. మీరూ రండి. నేలమీద కూర్చోవడం అలవాటవుతుంది."

అతడు విసురుగా వెళ్ళిపోయాడు.

వరండాలో బల్లమీద కూర్చుని వకుళాదేవి ఫోను తీసింది. కళ్ళజోడు సవరించుకుని, వైద్యకళాశాలలో తన పక్క బల్లమీద కూర్చున్న ధనుంజయరావుకు ఫోను చేసింది. విశాఖలో కూతురి దగ్గర ఉంటున్నాడు. నలభై ఏళ్ళు మన్యంలో పనిచేసినవాడు.

"ఒరే ధనుంజయా, బతికే ఉన్నావా?"

"నిన్న రాత్రివరకూ ఉన్నాను. ఇవాళింకా ఎవరూ చెప్పలేదు. ఏమే వకుళా, ఇన్నాళ్ళకి?"

"చెవులు వినిపిస్తున్నాయా?"

"ఒకటి."

"ఒకటి చాలు. మోకాళ్ళు?"

"వాటి ఊసెత్తకు."

"కూర్చునే పనేలే. గుమ్మలపాడు వెళ్ళాలి, రేపే. ఒక కుర్రాడి పక్కన మూడేళ్ళు కూర్చోవాలి."

"మూడేళ్ళా! నాకు డెబ్బై రెండు నిండాయే!"

"అందుకే తొందరగా బయల్దేరమంటున్నాను."

అవతల అతడు పకపకా నవ్వాడు. తరువాత ఏదో స్ఫురించి, "మరి నువ్వెక్కడ కూర్చుంటావే?" అన్నాడు.

"నేను పరీక్ష తప్పానురా. ఇంక నేను డాక్టరును కాను."

"నువ్వా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు. "సరే. పొద్దున బస్సుకి పోతాను. కుర్రాడెలాంటివాడు?"

"మంచివాడు. తెలివైనవాడు. వాడిలో నేనున్నాను, అదే జబ్బు." ఆమె ఒక్కక్షణం ఆగింది. "వాడు నా మాటలు మాట్లాడతాడు, ధనుంజయా. వినడానికి బాగానే ఉంటాయి, మోసపోకు. నా మాట వాడి నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ ఎందుకని అడుగు. వాడు జవాబు వెతుక్కుంటూ రోగి ముఖంలోకి చూసేదాకా వదలకు."